వార్ప్ రికార్డ్స్: దేన్ని వినైల్‌లో కొనాలి, దేనికి ఫైల్ చాలు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 1989లో పుట్టిన వార్ప్ రికార్డ్స్ ఎలక్ట్రానిక్ సంగీతానికి పెద్ద దిక్కు. అయితే ఈ లేబుల్‌లో ఒకే ఆల్బమ్‌కి వినైల్‌లో (గ్రామఫోన్ పళ్లెంలో) ఉన్నన్ని పాటలు సీడీలో ఉండకపోవచ్చు. ఒక రికార్డుకి ఆరో వైపు పాటే లేదు. ఇంకొకటి ఫైళ్లుగా తప్ప బయటికే రాలేదు. కాబట్టి కళాకారుడి పేరు చూసి డబ్బు కట్టేస్తే చాలదు, ఏ రూపంలో కొంటున్నామో కూడా చూసుకోవాలి.

మొదటి రికార్డు ఫోర్జ్‌మాస్టర్స్ వాళ్లది, 500 కాపీలు వేశారు. 1990లో ఎల్‌ఎఫ్‌ఓ సింగిల్ బ్రిటన్ చార్టులో 12వ స్థానం దాకా వెళ్లింది. ఈ తొలినాటి పాటల బలమంతా అడుగున కదిలే సబ్-బేస్‌లో, అంటే అతి తక్కువ పౌనఃపున్యాల మోతలో ఉంది. ఫోన్ స్పీకర్ దాన్ని పలికించలేదు. పైన వినిపించే బీప్ శబ్దాలు మాత్రమే మిగులుతాయి, పాట డొల్లగా అనిపిస్తుంది. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ గానీ వూఫర్ ఉన్న స్పీకర్లు గానీ పెట్టి వినండి. చిన్న స్పీకర్‌కి ఈక్వలైజర్‌లో బేస్ పెంచినా లాభం లేదు, గరగరమంటుంది.

కొత్తగా వినేవాళ్లు 1992 నాటి 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' సంకలనంతో మొదలుపెట్టాలి. డాన్స్ ఫ్లోర్ కోసం కాకుండా ఇంట్లో కూర్చుని వినడానికని కూర్చిన ఎలక్ట్రానిక్ సంగీతం ఇది. అఫెక్స్ ట్విన్, ఇద్దరి జట్టు ఆటెకర్ కూడా ఇందులోనే దొరుకుతారు, అఫెక్స్ ట్విన్ మాత్రం 'ది డైస్ మ్యాన్' అనే మారుపేరుతో ఉంటాడు.

అఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ వాల్యూమ్ 2' (1994) దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. బ్రిటన్ వినైల్‌లో 25 ట్రాకులు, బ్రిటన్ సీడీలో 24, అమెరికా సీడీలో 23. 'బ్లూ కాల్క్స్' తప్ప దేనికీ పేరు లేదు కాబట్టి ఏది తగ్గిందో జాబితా చూసినా తేలదు. సీడీకి దూరమైంది అభిమానులు 'స్టోన్ ఇన్ ఫోకస్' అని పిలుచుకునే పది నిమిషాల ట్రాక్. మొత్తం ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 2024లో వచ్చిన విస్తృత ఎడిషన్‌లో అన్నీ ఉన్నాయి, పైగా రెండు అదనం. ఇంత మెల్లని సంగీతం కింద వినైల్ చిటపటలు, దుమ్ము శబ్దం బాగా పైకి తేలతాయి, అందుకే దీనికి నా ఓటు ఆ 2024 ఎడిషన్ ఫైళ్లకే.

బోర్డ్స్ ఆఫ్ కెనడా 'జియోగాడి' (2002) సంగతి వేరు. మూడు ఎల్‌పీల (వినైల్ పళ్లేల) ఈ సెట్‌లో ఆరో వైపు సూది నడిచే గాడులు ఉండవు, చెక్కిన బొమ్మ ఉంటుంది. దాని మీద సూది దించొద్దు: పట్టు దొరక్క లోపలికి జారిపోతుంది, మొన దెబ్బతింటుంది. ఆటోమేటిక్ టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫైల్‌లోనో సీడీలోనో వింటే చివరి ట్రాక్ 'మ్యాజిక్ విండో' 1 నిమిషం 46 సెకన్లు పూర్తి నిశ్శబ్దం, ప్లేయర్ చెడిపోయిందనుకోకండి. ఆ నిశ్శబ్దాన్ని ఆల్బమ్ మొత్తం నిడివి 66 నిమిషాల 6 సెకన్లకు వచ్చేలా పెట్టారు.

వినైల్‌లోనే వినాల్సినది ఆటెకర్ 'యాంటీ ఈపీ' (1994). మళ్లీ మళ్లీ వచ్చే బీట్లు ఉన్న సంగీతంతో బహిరంగంగా గుమిగూడడాన్ని అడ్డుకునే చట్టాన్ని అప్పుడు బ్రిటన్ తెస్తోంది. దానికి జవాబుగా 'ఫ్లటర్' అనే ట్రాక్‌లో ఏ బార్‌లోని (తాళం ఒక చుట్టులోని) బీట్ ఇంకో బార్‌లో అలాగే రాకుండా రాశారు. పోలీసులు వస్తే బీట్లు మళ్లీ రావడం లేదని నిరూపించడానికి ఒక లాయరునీ ఒక సంగీత శాస్త్రజ్ఞుణ్నీ దగ్గర పెట్టుకోమని కవరు మీదే సలహా ఇచ్చారు. టర్న్‌టేబుల్‌ని నిమిషానికి 33 చుట్ల వేగంలో వేసినా 45లో వేసినా ఆ ట్రాక్ నిలబడుతుంది, ఆ వెసులుబాటు ఫైల్‌తో రాదు. ఇదే జంట 'ఎల్సెక్ 1–5' (2016) నాలుగు గంటలకు పైగా సాగుతుంది, ఫైళ్లుగానే వచ్చింది. 'ఎన్‌టీఎస్ సెషన్స్' (2018) ఎనిమిది గంటలు: 12 ఎల్‌పీలు లేదా 8 సీడీలు. ఇండియాకి 12 ఎల్‌పీల పెట్టె తెప్పిస్తే తపాలా, కస్టమ్స్ కలిసి బరువే. ఫైళ్లు చాలు.

అఫెక్స్ ట్విన్ 'విండోలిక్కర్' (1999) సింగిల్‌లోని రెండో ట్రాక్ చివర్లో స్పెక్ట్రోగ్రామ్‌లో (శబ్దాన్ని పౌనఃపున్యాల బొమ్మగా చూపే పటంలో) ముఖం కనబడుతుంది. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌కి మార్చి, స్కేల్‌ని లాగరిథమిక్ చేయండి. లీనియర్‌లో ముఖం వికారంగా సాగిపోతుంది. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3 పై పౌనఃపున్యాలను కోసేస్తుంది, దాంతో బొమ్మ పైభాగం పోతుంది.

ఫ్లయింగ్ లోటస్ 'కాస్మోగ్రామా' (2010)లో ట్రాకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆగకుండా నడుస్తాయి. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా నడిపేది) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్‌ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచేది) ఆపెయ్యండి. లేదంటే ప్రతి అతుకూ చెవికి తగులుతుంది. ఇందులో వినిపించే హార్ప్ అనే తీగల వాయిద్యానికి ఒక వారసత్వం ఉంది: ఆయన ఆలిస్ కోల్ట్రేన్ కుటుంబం వాడు, ఆమె జాజ్‌లో హార్ప్‌కి చిరునామా, పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలు.

ఇండీ (రాక్ తరహా బ్యాండ్ల) వైపు ఎంపిక తేలిక. బ్రాడ్‌కాస్ట్ బ్యాండ్ ముందు: 'హాహా సౌండ్' (2003), 'టెండర్ బటన్స్' (2005). వాళ్ల గాయని ట్రిష్ కీనన్ గొంతు అంత నిబ్బరంగా పాత సింథ్‌ల మధ్య నిలబడడం ఇంకెక్కడా దొరకదు. ఆమె 2011లో చనిపోయారు. తర్వాత గ్రిజ్లీ బేర్ 'వెకటిమెస్ట్' (2009), బ్యాటిల్స్ 'మిరర్డ్' (2007). మాక్సిమో పార్క్ మంచి బ్యాండే, కానీ ఈ లేబుల్ కోసం వచ్చినవాళ్లు దాన్ని ఆఖరికి ఉంచుకోవచ్చు. ఈ నాలుగింటికీ ఫైల్‌లో పోయేదేమీ లేదు.

ఫైళ్లకు వార్ప్ వాళ్లే 2004లో మొదలుపెట్టిన బ్లీప్ దుకాణం ఉంది, మొదటి రోజు నుంచీ కాపీ తాళాలు లేకుండా అమ్మింది. ఎంచుకునేటప్పుడు డబ్ల్యూఏవీ రకం ఫైల్ వద్దు, ఫ్లాక్ రకం తీసుకోండి: నాణ్యత ఫ్లాక్‌తో సమానమే అయినా డబ్ల్యూఏవీ చోటు దాదాపు రెట్టింపు తింటుంది, చాలా ప్లేయర్లలో ట్రాకుల పేర్లు, కవరు బొమ్మ సరిగా కనబడవు. పైన చెప్పిన పేర్లు లేని అఫెక్స్ ట్విన్ ట్రాకులకి వరుస తప్పితే మళ్లీ సర్దుకోవడం నరకం.