తాడిపత్రి గుళ్లకు తప్పక వెళ్లండి, రాత్రి మాత్రం ఉండకండి

బుగ్గ రామలింగేశ్వరుణ్ణి చూడాలని మా అత్తమ్మ రెండేళ్లుగా అడుగుతున్నారు. మొన్న మార్చిలో ఒక శనివారం మావారు, అత్తమ్మ, తొమ్మిదేళ్ల మా బాబు, నేను కడప నుంచి రైల్లో వెళ్లాం. ప్రయాణం హాయిగా సాగింది. సాయంత్రం దిగి బజారులో ఒక లాడ్జి చూసుకున్నాం. గది 1,600 రూపాయలు. నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని రెండుసార్లు అడిగి మరీ డబ్బు కట్టాను.

తెల్లవారుజామున ఐదింటికి అత్తమ్మ స్నానానికి లేచారు. కుళాయి తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. కిందికి వెళ్తే బల్ల మీద పడుకున్న మేనేజరు కళ్లు తెరవకుండానే, "మోటారు గది తాళం ఓనరు దగ్గరుందమ్మా, ఏడింటికి వస్తాడు" అన్నాడు. స్నానం చేయకుండా గుడి గడప తొక్కని మనిషి ఆవిడ. తడి ఆరిన బకెట్టు పక్కన తువ్వాలు భుజాన వేసుకుని అలా నిలబడిపోయారు. నాకు కడుపు రగిలిపోయింది. చివరికి ఒక కుర్రాడు బకెట్టు 40 రూపాయల చొప్పున నాలుగు మోసుకొచ్చాడు. గది ఖాళీ చేసేటప్పుడు బాబును "అదనపు మనిషి" అంటూ మరో 250 గుంజారు. రసీదు ఇమ్మంటే పుస్తకం అయిపోయిందట. మావారు గొడవ వద్దన్నారు గానీ దారంతా మాట్లాడలేదు.

ఆ ముఖం విప్పారింది బొరుగులతో చేసే ఉగ్గాని దగ్గరే. రోడ్డు పక్క బండి మీద, పుట్నాల పొడి దండిగా వేసిన ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, ప్లేటు 45 రూపాయలు. బాబు రెండో ప్లేటు అడిగాడు.

బుగ్గ రామలింగేశ్వరాలయం పెన్న ఒడ్డునే ఉంది. మేం వెళ్లినప్పుడు ఏట్లో ఇసుకే కనిపించింది. కానీ గర్భగుడిలో అర్చకుడు హారతి కిందికి దించి చూపిస్తే, లింగం అడుగున నీరు సన్నగా కదులుతూ మెరిసింది. బుగ్గ అంటే ఊట. నీళ్లు ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయని, అందుకే స్వామికి ఆ పేరని ఆయన చెప్పారు. అత్తమ్మ దోసిలి పట్టారు. ఆ నీళ్లు తల మీద చల్లుకుని, పొద్దుటి బాధంతా మరిచిపోయి నవ్వారు.

ఈ గుడి కట్టించింది పెమ్మసాని రామలింగనాయుడు. మన గండికోటను ఏలిన వంశమే. ఉత్తర, దక్షిణ గోపురాలు పూర్తి కాలేదు, పై అంతస్తులు లేవు. అయినా నా కళ్లు వాటి మీదే నిలిచిపోయాయి. మామూలుగా గోపురాల కింది రాతిభాగం సాదాగా ఉంటుంది, బొమ్మలన్నీ పైనే. ఇక్కడ కింది నుంచే అరచేయి ఆనించేంత ఖాళీ లేకుండా చెక్కారు. ద్వారం పక్కన మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న స్త్రీ ఉంది. ఆ తీగ మెలికలను మా బాబు వేలు ఆనించకుండా గాల్లో గీస్తూ పైదాకా వెళ్లాడు. ఇంత పని చేసి పేర్లు చెప్పుకోని శిల్పులకు దండం పెట్టాను.

చింతల వెంకటరమణస్వామి గుడికి ఆటోలో 80 రూపాయలు. స్వామి చింతచెట్టులో దొరికాడని స్థలపురాణం. అక్కడి గరుడ మండపం రాతి రథం, చక్రాలతో సహా. హంపి రథం ఫోటోలు చూసి మురిసిపోయేవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. రామాయణ శిల్పాలు చూపిస్తూ అత్తమ్మ మనవడికి కథ మొత్తం చెప్పారు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

కడప వాళ్లయితే ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు, అదే మేలు. పెద్దవాళ్లతో రాత్రి ఉండక తప్పదంటే, మోటారు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. మీ చేత్తో కుళాయి తిప్పి చూసి, రసీదు చేతికొచ్చాకే డబ్బు కట్టండి.