కోనన్ మూడు సంపుటాలు: హోవర్డ్ రాసింది రాసినట్టు

అమెరికన్ రచయిత రాబర్ట్ హోవర్డ్ సృష్టించిన కత్తివీరుడు కోనన్ కథల్ని డెల్ రే అనే ప్రచురణకర్తలు మూడు సంపుటాలుగా వేశారు. అవి కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను, కొనండి. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సినిమా చూసి ఆ కండలు గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్ళు మాత్రం కాస్త సర్దుకోవాలి. 1982 సినిమాలో కుర్రాణ్ణి పెద్ద చక్రానికి కట్టేసి ఏళ్ళ తరబడి తిప్పిస్తారే, అది రాబర్ట్ హోవర్డ్ రాయలేదు. విలన్ తుల్సా డూమ్ కూడా కోనన్ కథల్లోవాడు కాదు. హోవర్డ్‌దే ఇంకో వీరుడున్నాడు, కల్ అని. వాడి కథల్లోంచి పట్టుకొచ్చి ఇక్కడ పెట్టారు. సినిమాలో కోనన్ నోరు విప్పేదే తక్కువ. పుస్తకంలో వాడు బాగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, తాగుతాడు, ఉన్నట్టుండి దిగులుపడతాడు.

నాకు వీడు పరిచయమయింది విజయవాడ లెనిన్ సెంటర్లో, పాత పుస్తకాల కొట్ల దగ్గర. ఇంటర్ చదివే రోజులు. ‘శావేజ్ స్వోర్డ్ ఆఫ్ కోనన్’ అని నలుపు తెలుపు బొమ్మల పత్రిక, అట్ట ఊడిపోయినవి కిలోల లెక్కన వచ్చేవి. జాన్ బుసేమా గీసిన ఆ బొమ్మల కోసం ఎండలో గంటల తరబడి కట్టలు తిరగేసేవాణ్ణి. కొట్టాయన, “ఒరే అబ్బాయ్, కొంటావా, ఇక్కడే చదివేస్తావా?” అని కసిరేవాడు. చందమామ సీరియళ్ళ మీదా, విఠలాచార్య సినిమాల మీదా పెరిగినవాణ్ణి కాబట్టి కత్తి పట్టిన వీరుడూ మంత్రాల మాంత్రికుడూ నాకేమీ కొత్త కాదు. కొత్త ఏంటంటే, వీడికి గురువు లేడు, వరాలు లేవు, చివర్లో అర్ధరాజ్యం ఇచ్చి పిల్లనిచ్చే మామ లేడు. దేవుడున్నాడు గానీ, ఆ క్రోమ్ అనేవాడు మొక్కినా పలకడు. పుట్టేటప్పుడు ఇంత తెగువ ఇచ్చి కొండెక్కి కూర్చుంటాడు, అంతే.

తర్వాత్తర్వాత ఇంగ్లిష్ పేపర్‌బ్యాకులు దొరికాయి. అవి 1966 నుంచి అమెరికాలో లాన్సర్ వాళ్ళు వేసిన వరసలోవి. ఫ్రాజెటా వేసిన అట్టలు చూస్తే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. లోపల సరుకు సంగతి వేరు. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ అనే రచయితలు కలిసి హోవర్డ్ అసంపూర్తిగా వదిలేసినవి పూర్తి చేశారు, సొంత కథలు చేర్చారు, అన్నిట్నీ కోనన్ వయసు ప్రకారం వరసపెట్టారు. వాళ్ళ పుణ్యమా అని కోనన్ బతికాడు, కాదనను. ఏ వాక్యం ఎవరిదో తెలియకుండా చదవడం మాత్రం చికాకు.

ఈ సెట్టులో ఆ బెడద లేదు. 2003, 2004, 2005లో ఏడాదికొకటి చొప్పున వచ్చాయి. హోవర్డ్ పూర్తి చేసిన 21 కథలు, రాసిన వరసలో. మొదటిదాంట్లో 13, రెండో దాంట్లో 3, మూడోదాంట్లో 5. చిత్తుప్రతులు, కథల సారాంశాలు వెనక ఇచ్చారు.

రాసిన వరసలో చదివితే ఏమవుతుందంటే, మొట్టమొదటి కథలోనే కోనన్ నడివయసు రాజు. 1932 డిసెంబర్ ‘వియర్డ్ టేల్స్’ సంచికలో అచ్చయిన ‘ద ఫీనిక్స్ ఆన్ ద స్వోర్డ్’ అది. అమ్ముడుపోని ఒక కల్ కథని తిరగరాసి కోనన్ కథ చేశాడు హోవర్డ్. నేను ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌ని, అందుకని ఇందులో ఒక చోటు నాకు మరీ ఇష్టం. తెరవెనక హంతకులు సిద్ధమవుతుంటే రాజుగారు రాతబల్ల దగ్గర కూర్చుని మ్యాపు గీస్తుంటాడు! దక్షిణం, తూర్పు, పడమర బాగానే ఉన్నాయి, ఉత్తరం వైపు మీ ఆస్థానం మ్యాపులు తప్పులతడక, ఆ దేశాలు నేనే తిరిగాను కాబట్టి నేనే వేస్తున్నానంటాడు. అదే కథలో ఇంకో సంగతి. నుమెడిడీస్ అనే పాడు రాజుని చంపి కోనన్ గద్దెనెక్కినప్పుడు జనం జేజేలు కొట్టారు. ఇప్పుడు అదే జనం మిత్ర దేవుడి గుడిలో ఆ చచ్చినవాడికి ధూపం వేస్తున్నారు. కారణం రినాల్డో అనే కవి పాటలు. కవిని ఉరితీయమని కోనన్ నమ్మినబంటు ప్రోస్పెరో అంటే కోనన్ ఒప్పుకోడు. రాజు కంటే కవి పెద్దవాడు, నేను పోయినా వాడి పాటలుంటాయంటాడు. అదే కవి కత్తి పట్టుకుని మీదకొస్తే వెనకాడతాడు, గాయపడతాడు, చివరికి చంపక తప్పదు. ఇంటర్ కుర్రాడిగా ఈ పేజీలు గబగబా తిప్పేసేవాణ్ణి. కొట్లాట ఎప్పుడొస్తుందా అని చూసేవాణ్ణి. ఇప్పుడు కొట్లాటలే తిప్పేస్తున్నాను.

మన తెలుగువాళ్ళు ఆగిపోయే కథ ‘ద టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’. కుర్ర దొంగ కోనన్ ఒక రత్నం కోసం మాంత్రికుడు యారా బురుజెక్కుతాడు. తోటలో సింహాలు, పైన పందంత సాలీడు, అవన్నీ దాటుకుని గదిలోకి పోతే అక్కడ ఏనుగు తల, మనిషి ఒళ్ళు. విగ్రహమనుకుంటాడు. అది కదులుతుంది. కళ్ళు కనిపించవు, కాళ్ళూ చేతులూ హింసించి పాడుచేశారు. తొండంతో కోనన్ ముఖం తడిమి చూస్తుంది, ఆ గుడ్డి కళ్ళ వెంట నీళ్ళు కారతాయి. చవితికి పత్రి కోసి తెచ్చే ఇంట్లో పుట్టినవాడు ఈ చోట ఏమవుతాడో టెక్సాస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో కూర్చుని రాసిన హోవర్డ్‌కి తెలిసే అవకాశం లేదు. అప్పటిదాకా రత్నం దోచుకుందామని వచ్చినవాడు తన జాతి చేసిన పాపమంతా తన మీద పడ్డట్టు సిగ్గుపడిపోతాడు. నా లెక్కలో మూడు సంపుటాల్లోకీ ఇదే మొదటిది.

రెండో సంపుటం మొదలే మన పేర్లతో. ‘ద పీపుల్ ఆఫ్ ద బ్లాక్ సర్కిల్’ కథ మొదలయ్యేది వెంధ్య అనే దేశంలో, రాజధాని అయోధ్య, కొండలు హిమేలియన్. రాజు బుండా చంద్, చెల్లెలు దేవి యాస్మినా, దాసి గితారా. పేర్లు ఖిచిడీ చేసేశాడు మహానుభావుడు. అట్లాసు చూసి, సాహస కథలు చదివి అల్లుకున్న ఇండియా అది. నవ్వుకుంటూ మొదలుపెట్టి మొదటి అధ్యాయంలోనే నవ్వు ఆపేశాను. మాంత్రికులు అన్న ప్రాణాన్ని లాగేసుకుంటుంటే, ఆత్మయినా దక్కనీమని అతను అడిగితే, చెల్లెలే బాకు దింపుతుంది. అదే సంపుటంలో ‘ది అవర్ ఆఫ్ ద డ్రాగన్’ ఉంది. కోనన్ మీద హోవర్డ్ రాసిన ఒకే ఒక్క నవల. రాజ్యం పోగొట్టుకున్న కోనన్‌కి అందులో సాయం చేసేది అసురుణ్ణి పూజించేవాళ్ళు. ఊళ్ళో అందరూ వాళ్ళని ఏవగించుకుంటారు, నిజానికి మంచివాళ్ళు. మా ఆఫీసులో పురాణాలు బాగా చదివిన ఒకాయనకి చెప్తే, “అదేంటండీ, తిరగేశాడే!” అన్నాడు.

మూడోదాంట్లో ‘బియాండ్ ద బ్లాక్ రివర్’ చదవండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు. సరిహద్దు అడవిలో పిక్టులనే ఆటవికులకీ వలసదారులకీ యుద్ధం. ఇందులో రాకుమారి లేదు, నిధి లేదు. బాల్తస్ అనే మామూలు కుర్రాడూ, స్లాషర్ అనే కుక్కా ఆడవాళ్ళూ పిల్లలూ తప్పించుకునే వ్యవధి ఇచ్చి ప్రాణాలిస్తారు. వార్త విని కోనన్ అంటాడు, కుర్రాడికి బదులు పది తలలు తీస్తాను, కుక్కకి బదులు ఏడు అని. లెక్క చూశారా? కోట పడిపోతుంది, సరిహద్దు వెనక్కి జరుగుతుంది. వీరుడున్నా గెలవని వీరగాథ. ఒక పల్ప్ పత్రికకి, అంటే చవక కాగితం మీద అచ్చేసే కాలక్షేపం కథల పత్రికకి, ఇది రాసి పంపిన ధైర్యానికి దండం పెట్టాలి. 1935లో అచ్చయింది. మరుసటి ఏడాది జూన్‌లో హోవర్డ్ తనే ప్రాణం తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు.

ఇక లోపాలు. మొదటి సంపుటంలో ‘ద వేల్ ఆఫ్ లాస్ట్ విమెన్’ కథ వదిలేయండి. నల్లవాళ్ళ గురించి అందులో రాసింది చదివితే కోపమొస్తుంది. ఆయన బతికుండగా అచ్చు కాలేదు, కాకపోయినా నష్టం లేదు. ఆ వాసన మిగతా కథల్లోనూ అక్కడక్కడా కొడుతుంది, కాలం అలాంటిది అని సర్దిచెప్పుకోవడం నాకు చేతకాదు. ఇంకోటి, మధ్యలో నాలుగైదు కథలు డబ్బు కోసం చకచకా రాసినవి. పాడుబడ్డ ఊరు, భయపడే పిల్ల, చీకట్లోంచి ఏదో ప్రాణి. వరసగా చదివితే విసుగు. రోజుకొకటి మించి చదవకండి.

వస్తువుగా చూస్తే, బొమ్మలు బాగున్నాయి. మొదటిదానికి మార్క్ షుల్ట్జ్, రెండోదానికి గ్యారీ జియాని, మూడోదానికి గ్రెగరీ మాంచెస్. షుల్ట్జ్ కలం గీతలు నాకు అన్నిటికంటే నచ్చాయి, గీతలతో బతికేవాణ్ణి కాబట్టి నా మాట నమ్మొచ్చు. హోవర్డ్ చేత్తో గీసుకున్న మ్యాపులు కూడా మొదటిదాంట్లో వేశారు. హోవర్డ్ మీద పరిశోధన చేసిన పాట్రీస్ లూయినే రాసిన వ్యాసం కథలయ్యాక చదవండి, ముందు చదివితే గుట్లన్నీ చెప్పేస్తాడు. కాగితం సాదాసీదాది, మన వానాకాలానికి అంచులు పసుపెక్కుతాయి. మొదటిది నాలుగొందల పేజీల పైచిలుకు, జిగురు బైండింగు. పూర్తిగా విప్పి బోర్లా పడేస్తే నడుం విరుగుతుంది. నాకు వచ్చిన పార్సిల్లో ఒకదాని మూల నలిగి ఉంది, పంపినవాళ్ళు పల్చటి కవర్లో చుట్టి పడేశారు. గట్టి అట్టపెట్టెలో పంపమని ముందే అడగండి.

వీటిల్లో చాలా కథలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి కదా అంటారా? దొరుకుతాయి. ఒక్క టవర్ కథ అలా చదివి చూడండి, నచ్చకపోతే డబ్బులు మిగులుతాయి. నచ్చితే మొదటిది కొనండి, మిగతా రెండూ మీరే కొంటారు. పిల్లలకైతే పదహారు దాటాకే. మా మేనల్లుడు కామిక్స్ దాకా వచ్చి ఆగిపోయాడు, “మామయ్యా, వాక్యాలు మరీ పొడుగు” అన్నాడు. అదీ నిజమే.

రెండో సంపుటం మాత్రం ఎవరికీ అరువివ్వకండి. నాది పట్టుకెళ్ళినాయన కనిపించినప్పుడల్లా ఆ నవల ఇంకా సగంలోనే ఉంది గురువుగారూ అంటున్నాడు. నేను ఇంకోటి కొనుక్కున్నాను.