‘మీ ఫోన్‌లో వైరస్’ నోటిఫికేషన్లు: ఫార్మాట్, క్లీనర్ యాప్, అనుమతి తీసేయడం.. ఏది మేలు?

భీమవరం దగ్గర మా మావయ్యగారికి రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట ఆయన ఫోన్ మోగిందంటే ఇంట్లో అందరం లేచి కూర్చుంటాం. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే గట్టు మీద కాపలా ఉండే అబ్బాయి చేసేది ఆ నంబరుకే. తెల్లవారుజామున చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళ ఏరేటర్ తిరగకపోతే రొయ్య పైకి తేలిపోతుంది, నెలల కష్టం పోతుంది.

మొన్న వేసవిలో అదే ఫోన్ అర్ధరాత్రి ఒంటిగంటకూ రెండింటికీ టింగుమనడం మొదలైంది. తీసి చూస్తే ‘మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి’ అని ఒకటి, ‘మీ బ్యాంకు ఖాతా ఆగిపోతుంది’ అని ఇంకొకటి. నాలుగు రాత్రులు ఓర్చుకుని, ఐదో రాత్రి మావయ్య విసుగెత్తి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నారు. ఆ రాత్రే కరెంటు పోయింది. కాపలా అబ్బాయి ఆరుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోయేసరికి బండేసుకుని వచ్చి తలుపు బాదాడు. జనరేటర్ వేసేలోపే ఒక చెరువులో కొంత సరుకు పోయింది. అందుకే ఇవి ఉత్త ప్రకటనలే కదా అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

మర్నాడు ఆ ఫోన్ గురించి ఇంట్లో తలో సలహా ఇచ్చారు. ఒకరు ఫార్మాట్ కొట్టించమన్నారు, ఒకరు క్లీనర్ యాప్ వేయమన్నారు, ఒకరు బ్రౌజర్ మార్చేయమన్నారు. ఏది మేలో తేల్చాలంటే ముందు ఆ నోటిఫికేషన్ ఎక్కడినుంచి వస్తుందో తెలియాలి.

మావయ్య రోజూ పొద్దున్నే రొయ్యల కౌంట్ ధరలు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్కన పలికే ధరలు, ఫోన్‌లో వెతుకుతారు. ఒకరోజు ఏదో లింకు నొక్కితే అది ఇంకో పేజీకి తీసుకెళ్లింది. ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి’ అని ఉంది, నొక్కారు. జరిగింది అంతే. వెబ్‌సైటు మూసేసినా ఫోన్‌కి నోటిఫికేషన్ పంపే వీలు క్రోమ్ బ్రౌజర్‌లో 2015లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో 2016లో వచ్చింది. వార్తలు, మెయిల్ లాంటి వాటి కోసం పెట్టిన సదుపాయం అది. మోసగాళ్లు దాన్నే వాడుకుంటున్నారు. నిజమైన రోబో పరీక్ష నోటిఫికేషన్ అనుమతి ఎప్పుడూ అడగదు. ఇంకో మాట, మీ ఫోన్‌లో వైరస్ ఉందో లేదో చూసే శక్తి ఏ వెబ్ పేజీకీ ఉండదు. అంటే చాలాసార్లు ఫోన్‌లో వైరస్ లేదు. ఉన్నదల్లా మనమే ఇచ్చిన ఒక అనుమతి.

ఈ సంగతి తెలియకే జనం ఫార్మాట్‌కి పరిగెత్తుతున్నారు. ఫార్మాట్ కొడితే నోటిఫికేషన్లు ఆగే మాట నిజమే, అనుమతులన్నీ చెరిగిపోతాయి కనుక. కానీ వాటితోపాటు ఏమేం పోతాయో చూసుకోవాలి. రెండేళ్ల కిందట మా పిన్ని ఫోన్‌కి ఇదే బాధ వస్తే ఒక షాపులో ఇచ్చాం. బ్యాకప్ ఉందా అని ఒక్క మాట అడక్కుండా ఫార్మాట్ కొట్టేశారు. చనిపోయిన బాబాయి ఫొటోలు అందులోనే ఉండేవి. అవి మళ్లీ దొరకలేదు. నెల తిరక్కుండా ఆవిడ ఇంకో పేజీలో అలౌ నొక్కారు, నోటిఫికేషన్లు మళ్లీ మొదలయ్యాయి. రెండు నిమిషాల్లో ఇంట్లోనే అయ్యే పనికి అంత మూల్యం చెల్లించాం.

క్లీనర్ యాప్ సంగతి ఇంకా చెడ్డది. అనుమతి బ్రౌజర్‌లో ఉంటే బయటి యాప్ దాన్ని తీసేయలేదు. పైగా ఆ తప్పుడు నోటిఫికేషన్ నొక్కితే వచ్చే పేజీ అంటగట్టేది చాలాసార్లు ఇలాంటి యాప్‌నే. అది ప్రకటనలు చూపిస్తుంది, కాంటాక్టులు అడుగుతుంది, కొన్నాళ్లకు డబ్బులూ అడుగుతుంది. నిజంగా అనుమానముంటే ప్లే స్టోర్‌లో మీ ఫొటో గుర్తు నొక్కి ప్లే ప్రొటెక్ట్‌లోకి వెళ్లి స్కాన్ చేయండి, అది ఫోన్‌తోపాటు వచ్చేదే.

ఒక తేడా మాత్రం గమనించాలి. నోటిఫికేషన్ మీద క్రోమ్ అనీ, పక్కన ఏదో సైటు చిరునామా అనీ కనబడితే అది అనుమతి గొడవ. అలా కాకుండా బ్రౌజర్ తెరవకపోయినా స్క్రీన్ నిండా ప్రకటన వచ్చి కూర్చుంటుంటే, ఈమధ్య వేసుకున్న ఏదో యాప్ ఆ పని చేస్తోందన్నమాట. దాన్ని వెతికి తీసేయాలి. అక్కడ బ్రౌజర్ సెట్టింగ్‌లు ఎంత మార్చినా ఫలితం ఉండదు.

ఆ రోజు మావయ్య పక్కన కూర్చుని ఆయన ఫోన్‌లో వచ్చిన ఒక నోటిఫికేషన్‌ని జాగ్రత్తగా చూశాం. బ్యాంకు గుర్తు లాంటి బొమ్మ. పక్కన హెచ్చరిక, కింద రెండు బటన్లు, ఒకదాని మీద ‘తొలగించు’ అని ఉంది. ఆయన వేలు దాని మీదికే వెళ్లింది, నేను ఆపాను. బొమ్మ ఏది పెట్టాలో, బటన్ మీద ఏం రాయాలో ఆ సైటువాడి ఇష్టం. ‘తొలగించు’ అని రాసి కూడా మనల్ని వాడి పేజీకే తీసుకెళ్లగలడు. వాడి చేతిలో లేనిది ఒక్కటే, అక్కడ సన్నగా కనబడే సైటు చిరునామా. దాన్ని రాసేది క్రోమ్. మావయ్య ఫోన్‌లో అది అంకెలూ అక్షరాలూ కలిసిన అర్థంలేని పేరు. బ్యాంకుకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అందుకే పక్కకు తోసేయడం, బటన్ నొక్కడం కన్నా నోటిఫికేషన్ మీద వేలు నొక్కిపట్టి ఉంచడం మేలు. అప్పుడు తెరుచుకునేది ఆండ్రాయిడ్ సొంత పలక, సైటువాడు అక్కడ ఏమీ రాయలేడు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో సైటుకి విడివిడిగా స్విచ్ ఉంటుంది. ఆ సైటు పేరు పక్కన స్విచ్ ఆపేస్తే సరి. ఈమధ్య క్రోమ్ తనంతట తానే నోటిఫికేషన్ కింద అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ ఇస్తోంది, మంచిదే. కానీ అది క్రోమ్ పెట్టిందో సైటువాడు పెట్టిందో పెద్దవాళ్లకు తేడా తెలియడం కష్టం. మా ఇంట్లో మాత్రం నొక్కిపట్టే పద్ధతే నేర్పాను.

అలా ఒక్కొక్కటీ ఆపడం ఒకటి రెండు సైట్లుంటే పర్వాలేదు. మావయ్య ఫోన్‌లో జాబితా తెరిస్తే పదకొండు ఉన్నాయి. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్‌లు, సైట్ సెట్టింగ్‌లు, నోటిఫికేషన్లు. అక్కడ అనుమతి ఉన్న సైట్లన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ నొక్కి బ్లాక్ చేశాం. హిస్టరీ చెరిపేస్తే చాలదా అని మా బావ అడిగాడు. చాలదు. సైట్ సెట్టింగ్‌లు కూడా చెరపమని విడిగా టిక్ పెడితే తప్ప అనుమతులు అలాగే ఉంటాయి.

ఇక కొత్తవి రాకుండా ఆపడం. అదే నోటిఫికేషన్ల పేజీలో పైన ఒక పెద్ద స్విచ్ ఉంటుంది. అది ఆపేస్తే ఇక ఏ సైటూ అలౌ అని అడగలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ స్విచ్ కొత్తగా అడిగేవాళ్లకే తలుపు వేస్తుంది, ముందే అనుమతి పొందినవి లోపలే ఉంటాయి. కాబట్టి ముందు జాబితా ఖాళీ చేయాలి, తరవాత స్విచ్ ఆపాలి.

దీనికి మా పిన్ని ఒప్పుకోలేదు. ఆవిడది రాజోలు వైపు లంక ఊరు.

“ఒరేయ్ నాన్నా, అన్నీ ఆపేస్తే గోదారి కబురు కూడా ఆగిపోద్దేమోరా?” అంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 జులై వరదలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగుల మొదటి హెచ్చరిక దాటి, రెండో, మూడో హెచ్చరికలైన 13.75, 17.75 కూడా దాటేస్తుంటే ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకునే కూర్చున్నారు.

“లేదు పిన్నీ, ఇది బ్రౌజర్‌లో సైట్లకి మాత్రమే. మెసేజీలు, వాట్సాప్, ఫోన్లు, వార్తల యాప్ అన్నీ ఎప్పటిలాగే వస్తాయి” అని ఆవిడ ముందే ఆపి చూపించాను. ఫోన్ సెట్టింగ్‌లలోకి వెళ్లి క్రోమ్ నోటిఫికేషన్లు మొత్తం ఆపేసే దారి కూడా ఉంది కానీ, అలా చేస్తే డౌన్‌లోడ్ అయిందో లేదో చెప్పేవి కూడా ఆగిపోతాయి. నా లెక్కలో పెద్దవాళ్ల ఫోన్‌కి క్రోమ్ లోపలి స్విచ్ ఆపేయడమే అన్నిటికన్నా మేలు. ఏదైనా సైటు నుంచి నోటిఫికేషన్ నిజంగా కావాల్సినవాళ్లు, అంటే మెయిల్‌ని బ్రౌజర్‌లోనే చూసుకునే మా బావలాంటివాళ్లు, ఆ ఒక్కటి ఉంచుకుని మిగతావి తీసేసుకుంటే చాలు.

బ్రౌజర్ మార్చడం మీద నాకు అయిష్టం లేదు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్‌కి ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ జత చేసుకోవచ్చు, అలౌ అడిగే మోసపు పేజీలకు తీసుకెళ్లే ప్రకటనలు చాలావరకు తగ్గుతాయి. కానీ కొత్త బ్రౌజర్ వేసినంత మాత్రాన పాతదాంట్లో అనుమతులు పోవు. అవి తీసేశాక మారితేనే ప్రయోజనం. ఐఫోన్ వాళ్లకు ఈ బెడద తక్కువ, హోమ్ స్క్రీన్ మీద చేర్చుకున్న సైటు తప్ప వేరేవి అక్కడ నోటిఫికేషన్ పంపలేవు.

ఇదంతా నోటిఫికేషన్ నొక్కనివాళ్లకు. నొక్కి, ఆ పేజీలో కార్డు నంబరో ఓటీపీయో ఇచ్చేసి ఉంటే సెట్టింగ్‌ల దగ్గర కూర్చోవద్దు. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి. డబ్బు చేతులు మారకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఏదైనా యాప్ ఫైల్ దించుకుని వేసేసుకుని ఉంటే నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేసి, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ నుంచి మార్చండి.