చీటీ ఎవరితో వేస్తే మేలు: చుట్టాలా, గల్లీవాళ్లా, కంపెనీయా?

మా తమ్ముడి ఉద్యోగం పర్మనెంట్ అయింది. జీతం పెరగగానే వాడు అడిగిన మొదటి మాట: "అన్నా, చీటీ వేద్దామనుకుంటున్న. చుట్టాల్లనా, గల్లీలనా, కంపెనీలనా?" వాడికి అది డబ్బుల లెక్క. నాకు మాత్రం మనుషులు ఒకరినొకరు ఎందుకు నమ్ముతారన్న పాత ప్రశ్నే మళ్లీ వినిపించింది.

లెక్క చూడండి. 20 మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. పాటలో పోయేది పక్కన పెడదాం. మొదటి నెలే ఎత్తుకున్నవాడు కట్టింది 5,000, చేతికొచ్చింది లక్ష. ఇంకా 95,000 కట్టాలి. ఆ రాత్రే ఇల్లు మారిపోతే వాడికి లాభమే. అయినా చాలామంది చివరి నెలదాకా కడుతూనే ఉంటారు. ఎవరి మేలు వాళ్లు చూసుకునేవాళ్లే నెగ్గే జీవపరిణామంలో ఈ గుణం ఎలా నిలబడింది? శాస్త్రవేత్తలు చెప్పిన మూడు జవాబులు, మా తమ్ముడు చెప్పిన మూడు దారులు దాదాపు ఒకటే.

మొదటిది రక్తసంబంధం. 1964లో హామిల్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త దీనికి లెక్క కట్టాడు. సాయం వల్ల అవతలివాడికి కలిగే లాభాన్ని ఇద్దరి మధ్య ఉన్న రక్తసంబంధంతో గుణించాలి. అది సాయం చేసినవాడి నష్టం కన్నా ఎక్కువైతే ఆ గుణం తరతరాలకూ నిలుస్తుంది. తోబుట్టువుకు సంబంధం సగం, బాబాయి కొడుక్కి ఎనిమిదో వంతు. బావమరిదితో, వియ్యంకుడితో అసలు రక్తమే కలవదు, కానీ చుట్టాల చీటీలో ముందు వరసలో కూర్చునేది వాళ్లే.

మా ఇంట్లో ఇది అనుభవమే. ఒక బంధువు మూడో నెల చీటీ ఎత్తుకుని, మొత్తం ఐదు నెలలే కట్టి ఆపేశాడు. 75,000 బాకీ. తర్వాత ఒక పెళ్లిలో ఎదురుపడ్డాడు. అమ్మ పొద్దున్నుంచీ అడుగుదామనే అనుకుంది. తీరా ఎదురుగా నిలబడ్డాక "తిన్నవా బిడ్డా" అన్నది, అంతే. నాకు ఆరోజే అర్థమైంది. హామిల్టన్ లెక్క చెప్పేది తిరిగి రాకపోయినా చేసే సాయం గురించి. చీటీ తిరిగి రావాల్సిన డబ్బు. చుట్టరికంలో ఇవ్వడం ఎంత సులువో, అడగడం అంత కష్టం.

రెండోది గల్లీ. నా మనసు మొగ్గేది ఇటే. మలక్‌పేటలో అమ్మ పన్నెండేళ్లు చీటీ నడిపింది. పొడుగాటి నోట్‌బుక్కు, ఒక్కో పేరుకు ఒక్కో గీత, కట్టినవాళ్లకు ఎర్ర పెన్నుతో టిక్కు. ఐదో తారీఖు సాయంత్రం అందరూ మా వరండాలోనే కూర్చునేవాళ్లు. ఎవరు కట్టారో, ఎవరు "అక్కా, ఈ నెల జర ఆగు" అన్నారో అందరికీ తెలిసేది. మిషన్ కుట్టే వదిన ఒకసారి రెండు నెలలు కట్టలేకపోతే, మిగతావాళ్లే సర్ది నడిపించారు. తర్వాత ఆమె పైసాతో సహా తీర్చింది.

అప్పుకు అప్పు, సాయానికి సాయం అనే ఈ పద్ధతిని 1971లో రాబర్ట్ ట్రివర్స్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త వివరించాడు. కోస్టారికాలో రక్తం తాగి బతికే గబ్బిలాల్లో ఇదే కనిపించింది. కడుపు నిండినది ఆకలితో ఉన్నదానికి కక్కి తాగిస్తుంది. రెండు మూడు రాత్రులు ఏమీ దొరక్కపోతే వాటికి చావే. సహకరించాలా, మోసం చేయాలా అనే ఆటతో ఆక్సెల్‌రాడ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త పెట్టిన కంప్యూటర్ పోటీల్లో కూడా రెండుసార్లూ గెలిచింది చాలా చిన్న ఎత్తే: మొదట మంచిగా ఉండు, తర్వాత అవతలివాడు ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి. అయితే ఇది పనిచేయాలంటే మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. ఇది చివరిసారి అని తెలిస్తే మోసం మొదలవుతుంది. మరి ఇరవయ్యో నెల ఎందుకు కడతారు? ఇరవై ఒకటో నెలలో కొత్త చీటీ మొదలవుతుంది కాబట్టి. పైగా మాట తప్పినవాడి సంగతి పాలవాడి దగ్గర్నుంచి కిరాణా కొట్టుదాకా పాకుతుంది. నేరుగా బదులు తీర్చుకోకపోయినా, మంచిపేరు ఒక్కటే సాయాన్ని నిలబెట్టగలదని 1998లో నోవాక్, సిగ్మండ్ అనే శాస్త్రవేత్తలు గణితంతో చూపించారు.

గల్లీ చీటీలో లోటు కూడా చెప్పాలి. అద్దెకుండేవాళ్లు ఎక్కువైన చోట ఈ బంధం నిలవదు. ఖాళీ చేసి వెళ్లిపోయేవాడికి పేరుతో పనేముంది? పైగా రిజిస్టర్ కాని చీటీని 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ఒప్పుకోదు. డబ్బు మునిగితే కోర్టుకెక్కడం కూడా కష్టమే.

మూడోది శిక్ష. ఫెర్, గేక్టర్ అనే ఆర్థికవేత్తలు 2002లో అచ్చువేసిన ప్రయోగంలో, ఉమ్మడి డబ్బులో వాటా వేయనివాళ్లను మిగతావాళ్లు తమ జేబులోంచి ఖర్చుపెట్టి మరీ దండించారు. అలా దండించే వీలున్నప్పుడు అందరూ ఎక్కువ వేశారు. రిజిస్టర్డ్ కంపెనీ బలం కూడా ఇదే. కమిషన్ 7 శాతం దాటకూడదు, లెక్కలు రిజిస్ట్రార్‌కు చూపాలి. ముఖం తెలియని మనుషుల మధ్య ఇంతకన్నా దారి లేదు. కానీ శిక్ష ఒక్కటే సరిపోదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు డే కేర్లలో జరిమానా పెడితే ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచర్ ముందు సిగ్గుపడేవాళ్లు, జరిమానా వచ్చాక అది ఫీజు అనుకున్నారు.

తమ్ముడికి ఇదే చెప్పాను. చుట్టాలకు సాయం చెయ్యి, చీటీ మాత్రం వద్దు. సొంతిళ్లవాళ్లు నిలకడగా ఉన్న గల్లీ అయితే మనుషులపరంగా అదే మేలు. కానీ నువ్వుండే అపార్ట్‌మెంట్‌లో ఏడాదికోసారి సగం మంది మారిపోతారు. అందుకే రిజిస్టర్డ్ కంపెనీలోనే వెయ్యి.

వాడు వెళ్లి కట్టొచ్చాడు. మొన్న ఫోన్ చేశాడు: "చీటీ ఎత్తుకుంటే ష్యూరిటీ సంతకాలు కావాలంటున్నరు. మా ఆఫీసోళ్లు ముగ్గురు ఒప్పుకున్నరు." ఎవరని అడిగాను. ఆరేళ్లుగా రోజూ వాడితో కలిసి టిఫిన్ బాక్సు విప్పేవాళ్లే.