పాత కంప్యూటర్లకు డెబియన్ 12 ఇన్‌స్టాలర్ ఎలా ఉంది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వైపు వెళ్తే పాత డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. మా బస్తీ పిల్లల లైబ్రరీలో అలా తెచ్చినవీ, తెలిసినవాళ్లు ఇచ్చినవీ కొన్ని పెంటియం 4 మెషీన్లున్నాయి, 512 ఎంబీ ర్యామ్‌వి. అన్నిటికీ డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. ఈ రివ్యూ దాన్ని మెషీన్‌లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ వరకే, ఎందుకంటే పాత మెషీన్ పనికొస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

చాలా లినక్స్‌లు ముందు లైవ్ డెస్క్‌టాప్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) మొత్తం తెరిచి, అందులో ఇన్‌స్టాలర్‌ని నడుపుతాయి. 512 ఎంబీలో ఆ డెస్క్‌టాప్ రావడమే గగనం. డెబియన్‌లో టెక్స్ట్ మోడ్ (బొమ్మలు లేకుండా అక్షరాలతోనే నడిచేది) ఉంది, మౌస్ అక్కర్లేదు, నెట్‌వర్క్ దగ్గరికొస్తే నెట్‌వర్క్ భాగం, డిస్క్ దగ్గరికొస్తే డిస్క్ భాగం, ఇలా ఎప్పటికప్పుడు కావాల్సినవే మెమరీలోకి తెచ్చుకుంటుంది. ర్యామ్ మరీ తక్కువైతే తనే ‘లో మెమరీ’ (తక్కువ మెమరీ) మోడ్‌లోకి వెళ్లిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: ఒక స్టెప్ ఫెయిలైతే కథ మొదటికి రాదు, మెనూలోకి తీసుకొచ్చి ఆ స్టెప్పే మళ్లీ చేయనిస్తుంది. ఆల్ట్ ఎఫ్4 నొక్కితే లాగ్ (ఏం జరిగిందో రాసుకునే చిట్టా) కనిపిస్తుంది. పాత హార్డ్‌డిస్క్ మధ్యలో మొరాయించినా టెన్షన్ లేదు, కారణం అక్కడే చదువుకోవచ్చు. పీఏఈ (ఎక్కువ మెమరీని వాడుకోనిచ్చే ప్రాసెసర్ సౌకర్యం) లేని పాత పెంటియం ఎం ల్యాప్‌టాప్‌ల కోసం వేరే కర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) కూడా ఉంది.

నచ్చనిది, సాఫ్ట్‌వేర్ ఎంచుకునే చోట గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్‌కి ముందే టిక్ పెట్టి ఉండటం. ర్యామ్ ఎంతో చూసి అడుగులేసే ఇన్‌స్టాలర్, ఇక్కడ మాత్రం దాన్ని పట్టించుకోదు. స్పేస్‌బార్‌తో ఆ టిక్ తీసేసి తేలికైన ఎల్ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ పెట్టుకోండి. డెస్క్‌టాప్‌కి కనీసం 1 జీబీ కావాలని మాన్యువల్‌లోనే ఉంది. 512లో టైపింగ్, పీడీఎఫ్‌లు నడుస్తాయి గానీ బ్రౌజర్ తెరిస్తే ఉక్కిరిబిక్కిరే, ఇంకో ర్యామ్ స్టిక్ దొరికితే తప్పకుండా వేయండి.

అసలు బాధ తెలుగు విషయంలో. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఉంది, టెక్స్ట్ మోడ్‌లో లేదు, లో మెమరీ మోడ్‌లోనైతే ఇంగ్లిష్ ఒక్కటే. మన అక్షరాలు చూపించడం టెక్స్ట్ కన్సోల్‌కి కష్టమే, నాకు తెలుసు. కానీ తెలుగు మీడియం పిల్లల చేతికొచ్చేవి ఈ పాత మెషీన్లే కదా! పక్కన ఒక తెలుగు గైడ్ ప్రింట్ పెట్టుకుంటే తప్ప వాళ్లంతట వాళ్లు చేసుకోలేరు, ఆ గైడ్ ఎవరైనా రాస్తే నేనూ కూర్చుంటాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ (పాత రకం ప్రాసెసర్ల) ఇన్‌స్టాలర్ లేదు. కాబట్టి 32 బిట్ మెషీన్ ఉంటే 12 ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ ఫైల్) డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఇప్పుడు కొనబోతుంటే మాత్రం షాపులోనే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయించి సీపీయూ ఫ్లాగ్స్ (ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో చెప్పే జాబితా) చూడండి, ఎల్ఎం అని ఉంటే అది 64 బిట్, 13 కూడా ఎక్కుతుంది. పెంటియం 4లలో రెండు రకాలూ ఉన్నాయి, కోర్ 2 డుయో అయితే చూడాల్సిన పనే లేదు.