శ్రీశైలం నడకకి ఈ జిప్ పౌచ్‌లు ఎలా ఉన్నాయంటే

వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్లేటప్పుడు వాడదామని ఈ జాలీ పౌచ్‌ల సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటివి అందరూ అమ్ముతున్నారు.

పెద్దదాంట్లో పంచె, తువ్వాలు, ఒక జత బట్టలు. మధ్యదాంట్లో అటుకులు, బెల్లం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. చిన్నదాంట్లో టార్చి, బొబ్బలకి ప్లాస్టర్లు, మాత్రలు. అసలు సుఖం ఎక్కడ తెలుస్తుందంటే, చీకట్లో చెట్టు కింద కూర్చుని బ్యాగంతా కుమ్మరించకుండా చేతికి తగిలిన సైజుని బట్టే టార్చి తీసుకోవచ్చు. తిండి పౌచ్‌ని మాత్రం వీపుకి ఆనేలా, నడుముకి కాస్త పైన పెట్టండి. భీముని కొలను దగ్గర మెట్లు దిగి, మళ్లీ కైలాసద్వారం వైపు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వేలాడితే భుజాలు లాగేస్తాయి, బ్యాలెన్స్ కూడా పోతుంది.

జాలీ కాబట్టి చెమట బట్టలకి గాలి తగులుతుంది, బాగుంది. కానీ నీళ్లు ఆపవు. సీసా కారితే మాత్రలు కూడా తడుస్తాయి, వాటికి వేరే జిప్‌లాక్ కవర్ ఉండాల్సిందే (ఆ కవర్లు అడవిలో పారేయకండి స్వామీ, అది పులుల అడవి).

చిన్న పౌచ్ జిప్ నాసిరకం, దారిలోనే పళ్లు ఊడాయి, పిన్నీసుతో లాగించాను. అదే మార్చి ఇస్తే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి, ఇప్పటికి మూడు.