వీ6 చాలా, వీ8 కావాలా?

19 అడుగుల బోటు నుంచి 24 అడుగులకు మారేటప్పుడు తల తినేది ఇంజిన్ ఎంపికే. మెర్‌క్రూజర్ అనే బోటు ఇంజిన్ల బ్రాండ్‌లో 4.5 లీటర్ల వీ6కి (ఆరు సిలిండర్లది) 250 హార్స్‌పవర్ దాకా, 6.2 లీటర్ల వీ8కి (ఎనిమిది సిలిండర్లది) 300 లేదా 350.

టెస్ట్ రైడ్‌లో ఉండేది ఇద్దరే, ట్యాంకూ సగమే. అప్పుడు వీ6 బాణంలా పోతుంది. అదే బోటుకి జూలై ఆదివారం అమెరికాలో జార్జియాలోని లేక్ లేనియర్ సరస్సులో ఎనిమిది మంది, ఐస్ బాక్సు, పులిహోర డబ్బా, వెనక తాడుతో లాగే గాలి ట్యూబ్ మీద ఇద్దరు పిల్లలు! థ్రాటిల్ మొత్తం తోసినా ముక్కు పైకి లేచి ఉంటుంది, ఎదురుగా ఏముందో కనపడదు. వీ8కి టార్కు (లాగే బలం) ఎక్కువ, త్వరగా పైకి తేలి సమంగా పరుగెడుతుంది.

వీ6 చవక, తేలిక, పెట్రోలూ తక్కువే తాగుతుంది. కానీ నిండు బరువుతో ఎప్పుడూ ఎక్కువ ఆర్‌పీఎంలో నడిపితే ఆ ఆదా చాలావరకు కరిగిపోతుంది. ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు వెళ్లే లెక్క దూరం) రెండు అంగుళాలు తగ్గిస్తే లాగుడు మెరుగవుతుంది, టాప్ స్పీడ్ పోతుంది.

ఇద్దరు ముగ్గురే తిరిగేవాళ్లకు వీ6 చాలు. బంధుబలగం ఉంటే నా ఓటు 300 వీ8కే. 350 అంటారా, అది ఎక్కువగా పక్క బోటువాడికి చూపించుకోవడానికే.